లీడ్స్‌లో కరెంటు పోయింది

10 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ రోజు నుంచి నా పేరు క్లేర్. వయసు ముప్పై నాలుగు. ఊరు లీడ్స్, ఇంగ్లండ్. ఒక పిల్లి ఉంది.

ఇవన్నీ కంపెనీ పంపిన షీట్‌లో ఉన్నాయి. అసలు వివరాలు ఇక్కడ రాసుకుంటున్నాను. సబా, ముప్పై ఒకటి, నరసరావుపేట, మసీదు వెనక వీధి. ఎం.ఏ. ఇంగ్లిష్. నేను పాఠాలు చెప్పిన జూనియర్ కాలేజీ డిసెంబర్‌లో మూతపడింది. పిల్లి లేదు.

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. ఇంగ్లిష్‌లో రాస్తే ఎవరు రాశారో నాకే అనుమానం వస్తుంది.

కంపెనీ పేరు ఫార్‌షోర్ ట్యూటర్స్. విద్యార్థులు ఇక్కడివాళ్ళు, ట్యూటర్లు విదేశాలవాళ్ళు అని ప్రకటన. టీమ్ లీడ్ భానుప్రకాష్ హైదరాబాద్ నుంచి ఫోన్లో వేరే సంగతి చెప్పాడు. మొదట్లో నిజంగానే విదేశీ ట్యూటర్లు ఉండేవాళ్ళట. క్లేర్ కూడా నిజంగా ఉందట. నాలుగు నెలలు పాఠాలు చెప్పి మానేసింది. ఆమె పేరు, ఫొటో మాత్రం మానలేదు. ఇది మోసం కదా అని అడిగాను. "మోసం కాదు మేడమ్, కంటిన్యుటీ" అన్నాడు.

నియమాలు మూడు. రెండు వైపులా కెమెరా ఎప్పుడూ ఆఫ్. తెలుగు ఒక్క ముక్క రాకూడదు. ప్రతి క్లాసూ రికార్డవుతుంది.

అసలు క్లేర్ పాఠాల రికార్డింగులు పన్నెండు గంటలు విన్నాను. వాక్యం చివర గొంతు కొంచెం పైకి లేపుతుంది. మధ్యాహ్నం చారు కావాలా అని అమ్మీని కూడా అలాగే అడిగానట. జలుబు చేసిందా అని నుదురు పట్టుకుని చూసింది.

12 ఫిబ్రవరి

మొదటి విద్యార్థి వాసంతి. ఇరవై ఐదేళ్ళు. స్టాఫ్ నర్స్. స్క్రీన్ మీద ఊరి పేరు రెండుసార్లు చదివాను. రొంపిచెర్ల. ఇక్కడి నుంచి బస్సులో అరగంట కాస్త ఎక్కువ.

భానుప్రకాష్‌కి ఫోన్ చేశాను. మార్చడం కుదరదట, సిస్టమ్ అసైన్ చేస్తుందట. "ఎక్కడ రొంపిచెర్ల, ఎక్కడ లీడ్స్. మీరు మరీ భయపడతారు మేడమ్" అని నవ్వాడు.

క్లాసు సాయంత్రం ఆరు నుంచి ఆరూ నలభై ఐదు. లీడ్స్‌లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. గుడ్ ఆఫ్టర్నూన్ అనాలి. అన్నాను.

వాసంతి మా నరసరావుపేటలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉదయం షిఫ్టు చేస్తుంది. నాలుగున్నర బస్సుకి ఇంటికి వెళ్తుంది. ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రికి నర్సులు కావాలి. ఫోన్ ఇంటర్వ్యూ మే 20న. ఇది ఆమెకి రెండోసారి. ఈసారీ పోతే ఏజెన్సీ ఆమె పేరు లిస్టులోంచి తీసేస్తుంది.

మొదటిసారి ఎందుకు పోయిందని అడిగాను. పేషెంటుకి ఎప్పుడైనా తప్పు మందు ఇచ్చారా అని వాళ్ళు అడిగారట. "ఎస్ మేమ్" అందట. ప్రశ్న ఆమెకి అందలేదు. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళని మళ్ళీ చెప్పమనడం మర్యాద కాదని ఎస్ అనేసింది. తను దేనికి ఎస్ అందో నెల తర్వాత ఏజెన్సీ వాళ్ళు చెబితే తెలిసిందట. తప్పు మందు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇదంతా ఇంగ్లిష్‌లో చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

నలభై ఐదు నిమిషాల్లో "ఎస్ మేమ్" నలభై ఒక్కసారి. కాగితం మీద గీతలు పెట్టి లెక్కేశాను.

20 ఫిబ్రవరి

ఈ రోజు ఒక పరీక్ష పెట్టాను. పాఠం మధ్యలో అదే గొంతుతో, వేగంగా, డు యు బాయిల్ యువర్ పేషెంట్స్ బిఫోర్ లంచ్ అని అడిగాను.

"ఎస్ మేమ్" అంది.

ఏం అడిగానో నెమ్మదిగా చెప్పాను. మధ్యాహ్నం భోజనానికి ముందు మీ పేషెంట్లను ఉడకబెడతారా అని. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. నేనూ నవ్వాను. క్లేర్ ఎలా నవ్వుతుందో షీట్‌లో లేదు. నా నవ్వే నవ్వాను.

మూడు వాక్యాలు ఇచ్చాను. సారీ, ఐ డిడ్న్ట్ క్యాచ్ దట్. కుడ్ యు సే దట్ అగైన్, ప్లీజ్. కుడ్ యు స్లో డౌన్ ఎ లిటిల్. రోజూ అద్దం ముందు యాభైసార్లు అనమన్నాను. అలా అడిగితే కోపగించుకోరా అని సందేహపడింది. కోపగించుకుంటే అది వాళ్ళ సమస్య అన్నాను. ఈ జవాబు అసలు క్లేర్ చెప్పేదా? తెలియదు.

5 మార్చి

రంజాన్. రోజా నాలుగో రోజు. ఇఫ్తార్ ఆరూ ఇరవై రెండుకి. సరిగ్గా క్లాసు మధ్యలో. మసీదు మైకు మా గోడ అవతలే.

ఆరూ ఇరవై ఒకటికి ఆమెకి రాత పని ఇస్తాను, నాలుగు నిమిషాలు. మ్యూట్ నొక్కుతాను. సైరన్, అజాన్. ఒక ఖర్జూరం, ఒక గ్లాసు నీళ్ళు. మళ్ళీ లీడ్స్.

అమ్మీకి ఇది నచ్చలేదు. "ఆ క్లేర్‌కి రోజా లేకపోతే లేదు, నీకుందిగా. లేచి అందరితో కూర్చో" అంది. అందరూ అంటే అమ్మీ, అబ్బా ఇద్దరే.

లీడ్స్ 9 డిగ్రీలు, మబ్బు. ఇక్కడ 36.

1 ఏప్రిల్

నిన్న రంజాన్ పండగ, క్లాసుకి సెలవు పెట్టాను. క్లేర్ పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళింది.

ఈ రోజు క్లాసు మొదట్లో మామూలుగా, ఇక్కడ ఇంకా పన్నెండున్నరే, లంచ్ చేయలేదు అన్నాను. "ఎస్ మేమ్" అంది.

క్లాసు అయ్యాక వాతావరణం చూస్తుంటే తెలిసింది. ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు గంట ముందుకి జరిపారు. ఇప్పుడక్కడ ఒకటిన్నర. లీడ్స్‌లో ఉన్న మనిషికి తెలియకపోవడం జరగదు.

వాసంతి ఫోన్లో లీడ్స్ టైము పెట్టుకుంది. ఫిబ్రవరిలో తనే చెప్పింది. మరి చూడలేదా? చూసి అడగలేదా? రెండిట్లో ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను.

9 ఏప్రిల్

ఎస్ మేమ్‌లు పన్నెండు.

23 ఏప్రిల్

ఆరు. నా వాక్యాన్ని మధ్యలో ఆపి, సారీ ఐ డిడ్న్ట్ క్యాచ్ దట్ అంది. మూడుసార్లు. మూడోసారి గొంతు వణకలేదు.

ఇంకొకటి చెప్పింది. నిన్న ఆసుపత్రిలో డాక్టర్ ఫోన్లో డోసు చెప్పాడట. సరిగా వినపడలేదు. ఇదివరకైతే సరే సార్ అని తను విన్నదే రాసేసేదట. నిన్న మళ్ళీ చెప్పమంది. "నీకేమన్నా చెవుడా అమ్మాయ్" అని విసుక్కుని మళ్ళీ చెప్పాడట. ఆమె మొదట విన్నదానికి అది సగం.

ఆ తర్వాత అన్న మాట రాసి ఉంచాలి. మీతో మాట్లాడగలిగితే అక్కడ ఎవరితోనైనా మాట్లాడగలను మేమ్ అంది.

నేను ఇంగ్లండ్ వెళ్ళింది సున్నా సార్లు. హైదరాబాద్ నాలుగుసార్లు.

మే 20న ఆమె చెవిలో నిజమైన గొంతు పడుతుంది. అది నాలాగ ఉండకపోతే ఆ క్షణంలో ఆమె ఏమనుకుంటుంది? మళ్ళీ ఎస్ మేమ్ దగ్గరికి వెళ్ళిపోదా?

భానుప్రకాష్‌కి మెసేజ్ పెట్టాను. ఈ ఒక్క విద్యార్థికైనా ఇంటర్వ్యూ ముందు నిజంగా విదేశంలో ఉన్న ట్యూటర్‌తో రెండు క్లాసులు పెట్టించమని. థంబ్స్ అప్ వచ్చింది. ఇంకేమీ రాలేదు.

7 మే

మూడు. ఇంటర్వ్యూకి పదమూడు రోజులుంది.

8 మే, గురువారం. రాత్రి 8.00

అయిదున్నరకే గాలి లేచింది. దుమ్ము. కిటికీ బిగించి కూర్చున్నాను. లాప్‌టాప్‌కి, మోడెమ్‌కి అబ్బా బ్యాటరీ కట్టి ఇచ్చాడు, అందుకని కరెంటు పోయినా నెట్ పోదు. ఆ ధైర్యమే ముంచింది.

6.14కి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. సరిగ్గా అప్పుడే హెడ్‌సెట్‌లో వాసంతి వెనక తిరుగుతున్న ఫ్యాను చప్పుడు కూడా ఆగింది.

ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. నేను నొప్పి గురించి పేషెంటుని ఎలా అడగాలో చెబుతూ పోయాను.

6.31కి వచ్చింది. కరెంటు వస్తే ఈ వీధిలో పిల్లలు ఏం చేస్తారో నాకు తెలుసు. నా చిన్నప్పుడు నేనూ చేశాను. చెయ్యి మ్యూట్ మీదికి వెళ్ళేలోపే "వచ్చిందీ" అని వీధి వీధంతా కేక. దాని మీద ఎదురింటి కోటమ్మ పిన్ని గొంతు, "ఒరేయ్, మోటారెయ్యండ్రా ఎవురన్నా, ట్యాంకీలో చుక్క లేదు!"

ఆ "వచ్చిందీ" రెండు వైపుల నుంచి వినపడింది. కిటికీలోంచి, హెడ్‌సెట్‌లోంచి. రొంపిచెర్లలో కూడా అప్పుడే వచ్చింది. అక్కడి పిల్లలూ అదే కేక వేశారు.

వాసంతి "ఎస్ మేమ్" అంది. నేనేమీ అడగలేదు.

9 మే

పొద్దున అబ్బాని అడిగాను, మనకి పోతే రొంపిచెర్లలో కూడా ఎందుకు పోతుందని. అబ్బాది మోటార్ వైండింగ్ షాపు. ముప్పై ఏళ్ళుగా కాలిన మోటార్లకి తీగ చుడుతున్నాడు. కరెంటు గురించి అడిగితే టీ చల్లారిపోయేదాకా చెబుతాడు.

"పెద్ద లైను ఒకటేనమ్మా. అది పడితే అటూ ఇటూ ఒకేసారి పోద్ది. మళ్ళీ ఎక్కిస్తే ఒకేసారి వస్తది. ఏంది, రొంపిచెర్ల సంబంధం ఏమన్నా చూస్తున్నావా?" అన్నాడు.

లేదన్నాను. అంతా చెప్పాను. అబ్బా విని టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ అమ్మాయికి అనుమానం వచ్చి ఉంటదా అని అడిగాడు. తెలియదన్నాను. నర్సు కదా, ఫ్యాను ఆగిందో ఊపిరి ఆగిందో చెవితోనే చెప్పుద్ది అన్నాడు.

సాయంత్రం క్లాసులో వాసంతి మామూలుగానే ఉంది. మామూలుగా ఉండటానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంది. ఈ రెండో వాక్యం నిజమో నా భయమో తెలియదు.

12 మే, సోమవారం

ఆరూ పదికి వాసంతి నన్ను ఆపింది. మే ఐ ఆస్క్ యు ఎ క్వశ్చన్, మేమ్? తప్పు లేదు, తడబాటు లేదు. అద్దం ముందు చాలాసార్లు అని చూసుకున్న వాక్యం.

ఆస్క్ అన్నాను.

వేర్ ఆర్ యు నౌ, మేమ్? ఇప్పుడు మీరు ఎక్కడున్నారు.

మూడు నెలల్లో నా గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది. నేర్పింది నేను.

రికార్డింగ్ ఎర్ర చుక్క వెలుగుతోంది. "లీడ్స్" అన్నాను. వాక్యం చివర గొంతు పైకి లేపాను కూడా.

"ఎస్ మేమ్" అంది.

13 మే

ముప్పై ఒకటి. మేము ఫిబ్రవరికి వెళ్ళిపోయాం.

14 మే. మధ్యాహ్నం 3.00

తెలిసినవి రాసుకుంటున్నాను.

చెబితే ఉద్యోగం పోతుంది. చెబితే ఇంటర్వ్యూకి ఆరు రోజుల ముందు ఆమె నమ్మకం విరిగిపోవచ్చు. చెప్పకపోతే ఇప్పటికే విరిగింది.

నిన్న మళ్ళీ ఒక పిచ్చి ప్రశ్న అడిగాను, వార్డులో ఏనుగులున్నాయా అని. ఎస్ మేమ్ అంది. నవ్వలేదు.

సాయంత్రం 7.30

చెప్పాను. ఆరూ అయిదుకి. తెలుగులో.

"వాసంతీ, నేను లీడ్స్‌లో లేను. నరసరావుపేటలో ఉన్నాను. నా పేరు సబా. మా నాన్న హబీబ్, బస్టాండ్ వెనక మోటార్ వైండింగ్ షాపు మాది. సోమవారం నువ్వు సరైన ప్రశ్న అడిగావు. నేను అబద్ధం చెప్పాను. నువ్వు విన్నది నిజమే, రెండు చోట్లా ఒకేసారి కరెంటు వచ్చింది. ఇరవయ్యో తారీఖున కూడా అలాగే అడుగు."

ఆమె కట్ చేసింది.

ఎస్ మేమ్: సున్నా.

7.20కి నా లాగిన్ పనిచేయడం మానేసింది.

15 మే

9.10కి భానుప్రకాష్ ఫోన్. ఒక్క సెంటెన్స్‌తో కంపెనీని రోడ్డు మీద పెట్టారు మేడమ్ అన్నాడు. ఎనిమిది సెంటెన్సులు అని సరిచేశాను. తర్వాత గొంతు తగ్గించి, తన మీద కూడా పైవాళ్ళ ఒత్తిడి ఉందని, నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాదని చెప్పాడు. ఏ పేరు మీద ఇచ్చేవాళ్ళు అని అడిగాను.

మరి వాసంతి సంగతి అన్నాను. క్లాసులు ఆగవట. ఈ సాయంత్రం ఆరింటికి క్లేర్ యథావిధిగా వస్తుందట.

ఆమె నంబర్ ఇవ్వమన్నాను. ఫోన్ పెట్టేశాడు.

16 మే

ఆమె ఏ ఆసుపత్రిలో పనిచేస్తుందో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పేటలో ప్రైవేటు ఆసుపత్రులు ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెట్టి పంతొమ్మిది దగ్గర ఆపేశాను.

నాలుగింటికి బస్టాండ్‌కి వెళ్ళాను. రొంపిచెర్ల బస్సు దగ్గర నిలబడ్డాను. అప్పుడు తట్టింది, ఆమె ముఖం నాకు తెలియదు. గొంతు మాత్రమే తెలుసు. చేతిసంచుల్లో తెల్లకోటు మడిచి పెట్టుకున్న అమ్మాయిలు నలుగురున్నారు. వాళ్ళలో ఒకరైనా మాట్లాడితే చాలు. నలుగురూ ఫోన్లు చూసుకుంటున్నారు.

"రొంపిచెర్ల కెక్కుతావా లేదా తల్లీ, తలుపుకి అడ్డం నిలబడ్డావు" అన్నాడు కండక్టర్.

4.32కి బస్సు వెళ్ళిపోయింది.

17 మే, శనివారం

మధ్యాహ్నం రెండున్నరకి షాపు నుంచి అబ్బా ఫోన్. "ఎవరో అమ్మాయి వచ్చిందే. క్లేర్ ఉందా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

పరిగెత్తాను.

స్టూలు మీద కూర్చుని ఉంది. సన్నగా, నా కంటే పొడవు. నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరేనా? ఇంత పొట్టిగా ఉన్నారేంది?" అంది. గొంతు అదే. తెలుగులో మాత్రం వేరే మనిషి. ఎక్కడా ఆగదు.

తర్వాత తిట్టింది. రాసుకోదగ్గ తిట్లే. మూడు నెలలు బస్సులో నా రికార్డింగులు చెవిలో పెట్టుకుని తిరిగిందట. ఇంగ్లండామెతో మాట్లాడుతున్నానని వార్డంతా చెప్పుకుందట. "నవ్వరా మేడమ్ నన్ను? పక్కూరి మనిషితో మాట్లాడి ఇంగ్లండ్ అనుకుందని నవ్వరా?" అంది. నవ్వుతారన్నాను.

ఏప్రిల్‌లో గడియారం చూసిందట. నేను పన్నెండున్నర అంటే తన ఫోనే తప్పనుకుందట.

"కరెంటు పోయినప్పుడు అనుమానం. వచ్చినప్పుడు నిజమే అనుకున్నా. అయినా అడిగా. మీరు లీడ్స్ అన్నారు. అప్పుడు మీ మీద కోపం రాలా. నేనే మళ్ళీ సరిగా వినలేదేమో అనుకున్నా. నా చెవుల మీదే నాకు అనుమానం వచ్చింది. మొదట్నుంచీ నా రోగం అదేగా. దాన్ని మాన్పింది మీరే, మళ్ళీ అంటించింది మీరే. కోపం దానికి" అంది.

క్షమాపణ చెప్పాను. దాని మీద ఇంకేమీ కలపలేదు. కలిపితే సమర్థన అవుతుంది.

అబ్బా టీ తెప్పించాడు. ఆమె గ్లాసు తీసుకుంది. సగం తాగాక, గురువారం కొత్త క్లేర్ వచ్చిందని చెప్పింది. "వేర్ ఆర్ యు అన్నా. లీడ్స్ అంది. వెనక కుక్కర్ మూడు కూతలు కూసింది. కందిపప్పయి ఉంటది. నేనే కట్ చేశా" అంది. అబ్బాకి పొలమారింది.

వెళ్ళేముందు గడప దగ్గర ఆగింది. మూడు రోజులుంది, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని అడగాలి కదా అంది. నా వైపు చూడకుండా అంది.

18 మే, ఆదివారం

షాపు సెలవు. పది నుంచి ఒంటిగంట దాకా షట్టర్ సగం దించి కూర్చున్నాం.

మొదట అసలు క్లేర్‌ని వినిపించాను. ఆ పన్నెండు గంటలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాసంతి తల వంచి విన్నది. అయిదు నిమిషాల తర్వాత ఇయర్‌ఫోన్ తీసి, "మీరు కొంచెం ఎక్కువ చేశారు మేడమ్" అంది. నిజమే. అసలు క్లేర్ మాట్లాడేది ఆమెకి నాకంటే తేలిగ్గా అర్థమైంది.

తర్వాత అబ్బాని ఇంటర్వ్యూ ఆఫీసర్‌గా కూర్చోబెట్టాం. అబ్బా ఇంగ్లిష్ మోటార్ కంపెనీల పుస్తకాల్లోంచి వచ్చింది. ప్రశ్నల కాగితం చేతికిస్తే ముక్కుతో చదివాడు. వాసంతి పద్నాలుగుసార్లు సారీ ఐ డిడ్న్ట్ క్యాచ్ దట్ అంది. పదిహేనోసారి అబ్బా కాగితం విసిరేశాడు. "ఈ పిల్లకి నా ఇంగ్లీషు అర్థమైతే ఇక లోకంలో ఎవురి ఇంగ్లీషైనా అర్థమవుద్ది, లే!" అన్నాడు.

కోపగించుకున్నా మళ్ళీ చెప్పాడు కదా చిచ్చా అంది వాసంతి. అబ్బా కాగితం ఏరుకున్నాడు.

అమ్మీ అన్నం పంపింది. ముగ్గురికి అని చెబితే అయిదుగురికి పంపింది.

20 మే

2.30 మొదలు. ఆసుపత్రిలో నర్సుల గదిలో కూర్చుని మాట్లాడుతుంది. ఫోన్ నంబర్లు మార్చుకున్నాం.

2.55. అరగంట అన్నారు.

3.10. కబురు లేదు.

3.20. అబ్బా ఒకే తీగని రెండుసార్లు చుట్టి విప్పాడు.

3.45. లీడ్స్ వాతావరణం చూశాను. ఎందుకో తెలియదు. 17 డిగ్రీలు, ఎండ.

4.15. ఫోన్. బస్టాండ్‌లో ఉంది. వెనక హారన్లు.

ముగ్గురు మాట్లాడారట. ఒకాయన చానా స్పీడట. అయిదుసార్లు మళ్ళీ చెప్పమందట. ఆయన సారీ చెప్పి నెమ్మదించాడట. "సారీ చెప్పాడు మేడమ్, నాకు!" అని రెండుసార్లు చెప్పింది.

అదే ప్రశ్న వచ్చింది. ఎప్పుడైనా తప్పు మందు ఇచ్చారా. నో అందట. ఇవ్వబోయాను, డాక్టర్‌ని మళ్ళీ చెప్పమన్నాను కాబట్టి ఇవ్వలేదు అని ఏప్రిల్ సంగతి అంతా చెప్పిందట.

బస్సు వచ్చిందని పెట్టేసింది.

2 జూన్

సెలెక్ట్ కాలేదు. ఏజెన్సీ రెండు లైన్ల మెసేజ్ పంపింది. లిస్టులోంచి పేరు తీసేశారు.

నాకు ఫోన్ చేసి చదివి వినిపించింది. ఓదార్చడానికి మాట వెతుకుతున్నాను. ఈలోగా తనే, "ఎందుకో అడిగా. ఏజెన్సీని కాదు, వాళ్ళనే. మెయిల్ పెట్టా" అంది.

5 జూన్

జవాబు వచ్చింది. ఇంగ్లిష్‌లో ఇబ్బంది లేదు. ఐసీయూ అనుభవం ఏడు నెలలు తక్కువ. అది పూర్తయ్యాక జనవరిలో ఏజెన్సీ లేకుండా నేరుగా దరఖాస్తు చేయవచ్చు.

అడిగితే చెబుతారని నాకు ఇన్నేళ్ళు తెలియలేదు మేడమ్ అంది వాసంతి. ఏడ్చి ఉంది. ఐసీయూ డ్యూటీ కోసం మేట్రన్‌ని కూడా అడిగేసింది. మేట్రన్ చూద్దాం అందట. చూద్దాం అంటే ఎప్పుడు అని అడిగిందట.

పాఠాలు ఆపవద్దంది. ఆరింటికే. ఈసారి నా పేరుతో.

11 జూన్

6.12. కరెంటు పోయింది. "ఇక్కడా" అంది వాసంతి.

చీకట్లో పాఠం సాగింది.

6.40. అజాన్. ఆమె ఆగింది, అయ్యేదాకా.

6.47. వచ్చింది. పిల్లలు అరిచారు, రెండు ఊళ్ళలో.

మ్యూట్ నొక్కలేదు.